తుల్లత: కస్టమ్స్ దగ్గర అక్కరకొచ్చే ఒక్క ఫిన్నిష్ క్రియను పట్టుకునే పద్ధతి

ఫిన్లాండ్‌కు చదువుకో, కొలువుకో పోయినవాళ్లకు ఇంటి నుంచి మొదటి పార్సెల్ బయలుదేరాక ఈ క్రియ ఎదురవుతుంది. హనుమకొండలో అమ్మ సకినాలు, మిరప్పొడి, కొత్తవాడలో నేసిన దర్రీ ఒకటి అట్టపెట్టెలో సర్ది పంపుతుంది. కొన్నాళ్లకు అక్కడ ఫోనుకు సందేశం వస్తుంది: ‘పకెత్తిసి పిత్యా తుల్లత’. మొదటి పాఠాల్లోనే ‘తుల్ల’ అంటే రావడం అని నేర్చుకొని ఉంటారు కాబట్టి, పార్సెల్ వస్తోందని చెబుతున్నారేమో అనుకొని ఊరుకుంటారు. నిజానికి అందులో ఉన్న మాట, ‘నీ పార్సెల్‌ను కస్టమ్స్‌లో చూపించి విడిపించుకోవాలి’ అని. పట్టించుకోకపోతే పార్సెల్ వచ్చిన దారినే తిరిగిపోతుంది.

‘తుల్ల’, ‘తుల్లత’ రెండు వేరువేరు క్రియలు. మొదటిది రావడం. రెండోది సరుకును సరిహద్దు దగ్గర ప్రకటించి, సుంకం లెక్క తేల్చి లోపలికి తెచ్చుకోవడం. రెండోదాన్ని మొదటిది మింగేయకుండా నేర్చుకోవడమే ఇక్కడి పని అంతా. రోజుకు అరగంట చొప్పున వారం రోజులు చాలు.

ముందు రాత గురించి. ఫిన్నిష్ దాదాపుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. తుల్లత స్పెల్లింగు టి, యు, ఎల్, ఎల్, ఎ, టి, ఎ. కానీ మొదటి రెండు రోజులు ఆ అక్షరాల జోలికి పోకుండా తెలుగు లిపిలోనే రాసుకోండి. ఫిన్నిష్‌కు కావలసిన హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మూడూ మన లిపిలో ఉన్నాయి. ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ల, ల్ల వేరు. ఇంగ్లీషు లిపిలో చదివితే మన నోరు అలవాటుగా ‘టుల్లాటా’ అంటుంది, అందులో మూడు తప్పులున్నాయి. ఫిన్నిష్ ‘టి’ మన త, ట కాదు. నాలుక కొస పండ్లకు తగలాలి. చివరి రెండు అచ్చులూ హ్రస్వాలే. ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, ‘తు’ను కొద్దిగా నొక్కి మిగతాది తేలిగ్గా వదిలేయాలి. మన దగ్గర లేని అచ్చుల్లో ఒకటి మాత్రం ఇక్కడ తప్పదు. అది బ్యాంకు అనేటప్పుడు ‘బ్యా’లో వినపడే అచ్చు. దాన్ని కింద ‘్యా’ అనే రాస్తున్నాం. ‘మిన్యా’ అంటే నేను. అందులో యకారం పలకకూడదు, ఆ అచ్చును పొట్టిగా అంటే చాలు.

నిడివి ఎంత ముఖ్యమో చూపించడానికి ఫిన్నిష్ నేర్పేవాళ్లందరూ చెప్పే మూడు మాటలున్నాయి: తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకు ఈ మూడింటినీ విడదీయడానికి నెలలు పడుతుంది. కల, కల్ల వేరని, పలు, పాలు వేరని ఊయలలోనే విన్న చెవికి ఇది ఒక్క పూట పని. ఆ బలాన్ని పూర్తిగా వాడుకోండి. ఈ మూడు మాటలనూ ఫోనులో రికార్డు చేసి, మర్నాడు విని, ఏది ఏదో రాయండి. మీ గొంతు మీకే తేడా చెప్పకపోతే ద్విత్వం సరిగా పడలేదన్నమాట. ‘ల్ల’ దగ్గర నాలుకను పైన ఒక క్షణం ఆపి వదలాలి.

తుల్లి అనే మాట స్వీడిష్ ‘తుల్’ నుంచి వచ్చింది. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలోనే ఉండేది. ఫిన్లాండ్ సొంత కస్టమ్స్ శాఖ 1812లో మొదలైంది, ఇప్పటికీ దాని పేరు ‘తుల్లి’యే. ఆ నామవాచకానికి ‘అత’ చేరిస్తే క్రియ అయింది, మనం ప్రేమకు ‘ఇంచు’ చేర్చి ప్రేమించు అన్నట్టు. అక్కడ ఇలా పుట్టిన క్రియలు చాలా ఉన్నాయి. మాలి అంటే గోడల రంగు, మాలత అంటే రంగు వేయడం. కాబట్టి తుల్లత పొందికగా వస్తే మాలత దానంతటదే వస్తుంది.

ఇక అసలు మలుపు. తుల్లతను వాక్యంలో పెట్టాలంటే ముందు అంగం, అంటే ప్రత్యయాలు తగిలే మూల రూపం, తీయాలి. సూత్రం ఇది: చివరి ‘త’లోని తకారం జారిపోతుంది. మిగిలేది తుల్ల + అ. రెండు అకారాలు పక్కపక్కన పడితే ఏమవుతుందో బడిలో చదివే ఉంటారు. సవర్ణదీర్ఘ సంధి. తుల్ల + అ = తుల్లా. ఈ ‘తుల్లా’కే పురుష ప్రత్యయాలు తగులుతాయి:

నేను: తుల్లాన్
నువ్వు: తుల్లాత్
అతను, ఆమె: తుల్లా
మేము: తుల్లామ్మె
మీరు: తుల్లాత్తె
వాళ్లు: తుల్లావత్

నేను అన్నప్పుడు చివర న్, మేము అన్నప్పుడు మ్మె. వస్తాను, వస్తాము గుర్తు తెచ్చుకుంటే ఈ రెండూ మరిచిపోరు. రెండు భాషలకూ చుట్టరికం ఉందని కాదు, గుర్తుకు పనికొస్తుందని. మనం ‘నేను’ వదిలేసి ‘వస్తాను’ అన్నట్టే వాళ్లూ రాతలో ‘మిన్యా’ వదిలేస్తారు. అతనికీ ఆమెకూ ఒకే సర్వనామం కాబట్టి అక్కడ మనకు పని తగ్గింది.

గడిచిన కాలానికి సంధి ఉండదు. తుల్ల మీద ‘సి’ చేరుతుంది: తుల్లసిన్ అంటే విడిపించాను, తుల్లసిత్ అంటే విడిపించావు, తుల్లసి అంటే విడిపించాడు లేదా విడిపించింది. ‘విడిపించి ఉన్నాను’ అనే అర్థంలో ఒలెన్ తుల్లన్నుత్.

పాఠ్యపుస్తకాల్లో తుల్లతను నాలుగో రకం క్రియ అంటారు, తుల్లను మూడో రకం. ఫిన్నిష్ భాషా సంస్థ నిఘంటువుల్లో వాడే అంకెల ప్రకారం తుల్లత 73, తుల్ల 67. నిఘంటువులో ఏ కొత్త క్రియ పక్కనైనా 73 కనిపిస్తే తుల్లత లాగా నడిపించండి. ఒక్క జాగ్రత్త: 73 పక్కన ఒక అక్షరం కూడా ఉంటే, లోపలి హల్లు మారుతుందని అర్థం. పార్సెల్ పనిలోనే ఉదాహరణ ఉంది. పకత అంటే సర్దడం, కానీ నేను సర్దుతాను అంటే పకాన్ కాదు, పక్కాన్. తుల్లతలో ‘ల్ల’ ఎక్కడా మారదు, అదొక మేలు.

ఇంత చెప్పాక ఒక మాట. ఆరు పురుషలనూ వల్లె వేస్తూ కూర్చోకండి. ‘వాళ్లు కస్టమ్స్‌లో విడిపిస్తారు’ అనే అవసరం మీకు సంవత్సరానికి ఒకసారి కూడా రాదు. రోజూ కళ్లబడేవి వేరే రూపాలు. మూడో రోజు నుంచి వీటి మీద కూర్చోవాలి.

తుల్లతాన్. ఎవరు చేస్తారో చెప్పకుండా పని మాత్రం చెప్పే రూపం. వ్యాకరణాల్లో కర్మణి అని పేరు పెట్టినా, మనకు దగ్గరి పోలిక ‘అంటారు’, ‘ఇస్తారు’ లాంటి వాడుక. ‘ఇక్కడ టికెట్లు ఇస్తారు’ అంటే ఎవరిస్తారని ఎవరూ అడగరు. అలాగే ‘పకెత్తి తుల్లతాన్’ అంటే పార్సెల్‌ను కస్టమ్స్‌లో చూసి విడుదల చేస్తారు. గడిచిన కాలంలో తుల్లత్తీన్. కానీ దీన్ని కొరియర్ రాతల్లో ‘విడిపించబడుతుంది’ అని తెలుగు చేసుకుంటే వాక్యం బరువెక్కి అర్థం జారిపోతుంది. ‘విడిపిస్తారు’ అనే చదువుకోండి.

తుల్లత్తు. పని అయిపోయింది. ‘పకెత్తి ఒన్ తుల్లత్తు’ అంటే పార్సెల్ కస్టమ్స్ దాటింది. ఈ మాట కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు.

తుల్లత్తవ. చేయాల్సిన పని. ‘పకెత్తి ఒన్ తుల్లత్తవ’ అంటే విడిపించాల్సి ఉంది. ‘పకెత్తి పిత్యా తుల్లత’ అన్నా అదే అర్థం, అది కొంచెం మాటలాడే తీరు.

తుల్లా. ఆజ్ఞ: విడిపించు. మూడో పురుషా ఇదే, ‘కాదు’ అన్నప్పుడు వచ్చేదీ ఇదే. ‘తుల్లా పకెత్తి’ అంటే పార్సెల్‌ను విడిపించు, ‘ఎన్ తుల్లా’ అంటే నేను విడిపించను. మర్యాదకు, బహువచనానికి తుల్లత్కా.

తుల్లవుస్. ఇది నామవాచకం, విడిపించే ప్రక్రియ. ‘పకెత్తి ఒదొత్తా తుల్లవుస్త’, పార్సెల్ కస్టమ్స్ పని కోసం ఎదురుచూస్తోంది. ట్రాకింగ్ చూసేటప్పుడు ఇలాంటి వాక్యమే ఎక్కువగా తగులుతుంది.

తుల్లామతొన్. ఇంకా విడిపించనిది. ఒకసారి చదివి వదిలేయొచ్చు.

ఇప్పుడు చిక్కుముడి. ‘తుల్లాన్’ అనే రూపం రెండు క్రియలకూ ఉంది. తుల్లత నుంచి వస్తే ‘నేను కస్టమ్స్‌లో విడిపిస్తాను’. తుల్ల నుంచి వస్తే ‘వస్తారు’, అంటే తుల్ల తాలూకు కర్మణి. ‘సువొమేన్ తుల్లాన్ ఒపిస్కెలెమాన్’ అంటే ఫిన్లాండ్‌కు చదువుకోవడానికి వస్తారు. పైగా మాటలాడే ఫిన్నిష్‌లో ‘మేము’ పక్కన కర్మణి రూపమే వాడతారు, కాబట్టి ‘మె తుల్లాన్’ అంటే మేము వస్తున్నాం. స్పెల్లింగులో కూడా తేడా లేదు. యంత్రానువాదం కూడా ఇక్కడ పొరబడొచ్చు, రావడం అనే అర్థమే ఎక్కువ వాడుకలో ఉంది మరి.

దీన్ని విప్పడానికి వాక్యంలో రెండు చోట్ల చూడాలి. ఒకటి, ముందు ఎవరున్నారు: మిన్యా ఉంటే కస్టమ్స్, మె ఉంటే రావడం. సర్వనామం లేకపోతే రెండోది చూడాలి, వెనుక ఏముంది. ‘తుల్లాన్ పకెతిన్’ అని కర్మ ఉందంటే కస్టమ్స్, ఎందుకంటే రావడానికి కర్మ ఉండదు. ‘తుల్లాన్ కొతీన్’ అని చోటు ఉందంటే రావడం, కొతీన్ అంటే ఇంటికి. ఈ రెండు ప్రశ్నలూ వేస్తే తప్పిపోయే సందర్భం దాదాపుగా ఉండదు.

మిగతా రూపాల్లో ఢీకొట్టడం లేదు కానీ చెవికి దగ్గరగా ఉన్నవి ఉన్నాయి. వీటిని జంటలుగా పక్కపక్కన రాసి చదవాలి:

తులెన్, వస్తాను. తుల్లాన్, విడిపిస్తాను.
తులి, వచ్చింది (నిప్పు అనే మాటా ఇలాగే ఉంటుంది). తుల్లసి, విడిపించింది.
ఒన్ తుల్లుత్, వచ్చి ఉంది. ఒన్ తుల్లన్నుత్, విడిపించి ఉంది.
తుల్తీన్, వచ్చారు. తుల్లత్తీన్, విడిపించారు.

అన్నిటికంటే సన్నని తేడా ‘కాదు’ అనే వాక్యాల్లో ఉంది. ‘ఎయ్ తుల్ల’ అంటే రారు. ‘ఎయ్ తుల్లా’ అంటే అతను విడిపించడు. ‘ఎయ్ తుల్లత’ అంటే ఇక్కడ విడిపించరు. ఒక దీర్ఘం, ఒక త. ఈ మూడింటినీ గోడ గడియారం ముందు నిలబడి పదేసి సార్లు మార్చిమార్చి అనండి. ఆ తర్వాత ఈ వాక్యం పట్టండి: ‘పకెత్తి ఒన్ తుల్లుత్, ముత్త సిత్యా ఎయ్ ఒలె తుల్లత్తు.’ పార్సెల్ వచ్చింది కానీ దాన్ని కస్టమ్స్‌లో విడిపించలేదు. రెండు క్రియలూ ఒకే వాక్యంలో, తమ తమ చోట్ల. ఇది తడబడకుండా నోట్లోంచి వస్తే ఈ క్రియ మీది అయినట్టే.

నాలుగో రోజు కర్మ విభక్తి. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, కారణం తెలుగులో ఈ తేడా లేకపోవడం. మనకు ‘పార్సెల్ విడిపిస్తాను’ అన్నా ‘పార్సెల్ విడిపిస్తున్నాను’ అన్నా పార్సెల్ మారదు, క్రియ మారుతుంది. ఫిన్నిష్‌లో క్రియ అలాగే ఉండి పార్సెల్ మారుతుంది. ‘తుల్లాన్ పకెతిన్’ అంటే పని పూర్తి చేసేస్తాను. ‘తుల్లాన్ పకెత్తియ’ అంటే ఆ పనిలోనే ఉన్నాను, ఇంకా తెగలేదు. పకెత్తి అనే మాటలో ద్విత్వం పకెతిన్ దగ్గర ఒంటి త అయిపోవడం గమనించండి. ‘కాదు’ అంటే మాత్రం పూర్తయిందా లేదా అనే ప్రశ్నే లేదు, ఎప్పుడూ పకెత్తియే: ‘ఎన్ తుల్లా పకెత్తియ’. ఆజ్ఞలోనూ, తుల్లతాన్‌తోనూ, ‘చేయాలి’ అనే పిత్యాతోనూ కర్మ ఏ ప్రత్యయమూ లేకుండా పకెత్తిగానే ఉంటుంది. ‘తుల్లా పకెతిన్’ అంటే తప్పు, ‘తుల్లా పకెత్తి’ ఒప్పు. తప్పు మాటలాడినా అవతలివాళ్లకు అర్థమవుతుంది కాబట్టి ఎవరూ దిద్దరు, అలా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే మొదట్లోనే సరిచేసుకోవాలి.

ఇంకో చిన్న ఉచ్చు తెలుగువాళ్లకే ప్రత్యేకం. కస్టమ్స్ అధికారి అడిగే ప్రశ్న: ‘ఒంకొ తెయ్‌ల్ల్యా తుల్లత్తవా?’ మీ దగ్గర చూపించాల్సినవి ఏమైనా ఉన్నాయా అని. చివరి ‘వా’ దీర్ఘం వినగానే మన చెవి దాన్ని ‘వచ్చావా’లోని ప్రశ్నార్థకం అనుకుంటుంది. కాదు. అది ‘కొన్ని, ఏవైనా’ అనే అర్థమిచ్చే విభక్తి. ప్రశ్న గుర్తు ముందే, ‘ఒంకొ’లోని ‘కొ’లో ఉంది. ఈ తేడా తెలియక, ‘ఎయ్ ఒలె తుల్లత్తవా’ అనే మాటను కూడా ప్రశ్నగా వింటారు. అది జవాబు: చూపించాల్సినవి ఏవీ లేవు.

ఏ సరుకుకు ఈ క్రియ వర్తిస్తుందో తెలియకపోతే వ్యాకరణం వచ్చినా ఉపయోగం లేదు. నిఘంటువులు తుల్లతకు ‘సుంకం వేయు’ అని ఇస్తాయి. ఆ అర్థం ఉన్నా వాడుకలో అది చాలా ఇరుకు. సుంకం సున్నా అయినా తుల్లత ఉంటుంది. కాపురం మార్చుకుంటూ విడిగా కార్గోలో పంపుకునే ఇంటి సామాను, అంటే మూత్తొతవర, షరతులు కుదిరితే పన్ను లేకుండానే లోపలికి వస్తుంది, కానీ ప్రకటన ఇవ్వాల్సిందే. డబ్బు కట్టడానికి వేరే క్రియ ఉంది: మక్సా. ప్రకటించడానికి ఇల్మొయిత్తా. ఈ రెండూ కలిపి, పక్కన కాగితాల పనీ చేర్చుకున్న మూట తుల్లత.

సుంకం అనే మన మాట శుల్కం నుంచి వచ్చింది, వరంగల్లు ఏలిన కాకతీయులకు ఇది కొత్త విషయం కాదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, ముప్పైకి ఒకటి చొప్పున నిర్ణయించిన సుంకం తప్ప వర్తకుల దగ్గర మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు జప్తు చేసేవారు, ఆ పద్ధతి మానేశాడు. జప్తుకు ఫిన్నిష్ క్రియ తకవరికొయిద. నిజాం కాలంలో ఈ శాఖకు కరోడ్‌గిరి అని పేరు. ఇంట్లో పెద్దవాళ్లకు ‘తుల్లి అంటే ఏంది’ అని చెప్పాల్సి వస్తే ‘కరోడ్‌గిరి నాకా’ అంటే అరక్షణంలో అర్థమవుతుంది.

ఇప్పటి లెక్కలకొస్తే: యూరోపియన్ యూనియన్ బయటి నుంచి కొని తెప్పించుకునే సరుకుకు 2021 జులై 1 నుంచి ధర ఎంత తక్కువైనా వ్యాట్ ఉంది, అంతకుముందు 22 యూరోల దాకా మినహాయింపు ఉండేది. ఫిన్లాండ్‌లో మామూలు వ్యాట్ 2024 సెప్టెంబరు 1 నుంచి 25.5 శాతం. వ్యాట్‌ను అక్కడ అర్వొన్‌లిస్యావెరొ అంటారు, రాతలో మూడక్షరాల పొట్టి పేరుతో కనిపిస్తుంది. ఒక దర్రీ 80 యూరోలకు కొని, రవాణాకు 20 కడితే, వ్యాట్ 100 మీద లెక్కవుతుంది: 25 యూరోల 50 సెంట్లు. రవాణా ఖర్చు వదిలేసి 80 మీదే లెక్కవేసుకోవడం అందరూ చేసే పొరపాటు. దీనికి తోడు తుల్లిమక్సు, అంటే అసలు కస్టమ్స్ సుంకం, 150 యూరోలు దాటిన సరుకుకు వేస్తూ వచ్చారు. ఈ 150 హద్దును ఎత్తేసే మార్పులు యూనియన్‌లో నడుస్తున్నాయి కాబట్టి పంపే రోజున తుల్లి వెబ్‌సైటులో ఒకసారి చూసుకోవాలి. మనిషి మనిషికి పంపే కానుక, వాళ్ల మాటలో లహ్‌య, 45 యూరోల లోపు ఉంటే పన్ను లేదు. అమ్మ పంపే పెట్టె మీద విలువ రాయకుండా ‘గిఫ్ట్’ అని మాత్రమే రాస్తే ఈ మినహాయింపు అక్కరకు రాదు. లోపల ఏమున్నాయో వస్తువు వస్తువుగా, ఒక్కోదాని విలువతో రాయాలి.

సకినాలకు, మిరప్పొడికి ఇబ్బంది లేదు. నెయ్యి, పాలకోవా, కోడి తొక్కు పెట్టకూడదు. పాలతో, మాంసంతో చేసిన తినుబండారాలను ఇండియా నుంచి సొంతానికి తేవడం నిషేధం, వాటిని తుల్లత చేయడం అనేదే ఉండదు, తకవరికొయిద మాత్రమే ఉంటుంది. ప్రేమతో పెట్టిన నెయ్యి డబ్బా ఒక్కటి చాలు, పెట్టె మొత్తం ఆగిపోవడానికి. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

సరిహద్దులను మాటతో కలిపి గుర్తుంచుకుంటే క్రియ ఎక్కడ వస్తుందో తేలుతుంది. సరిహద్దుకు ఫిన్నిష్ మాట రయ. స్పెల్లింగు ఆర్, ఎ, జె, ఎ. మనవాళ్లు చూడగానే రాజా అంటారు, కానీ ఫిన్నిష్ ‘జె’ మన యకారం. రయకవుప్ప అంటే సరిహద్దు వ్యాపారం. పడమర తోర్నియొ ఊరి నుంచి నది దాటితే స్వీడన్. రెండూ యూనియన్‌లోవే, అక్కడ కొన్న మామూలు సరుకుకు తుల్లత లేదు. ఉత్తరాన నార్వే షెంగెన్‌లో ఉన్నా యూనియన్‌లో లేదు, పాస్‌పోర్టు ఎవరూ అడగకపోయినా సరుకుకు తుల్లత ఉంది. తూర్పున రష్యాతో సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, ఒకప్పుడు రయకవుప్ప అంటే అక్కడి వాలిమా అనే సరిహద్దు దారే గుర్తొచ్చేది. 2023 చివర్లో ఆ దారులను ప్రయాణికులకు మూసేశారు. అన్నిటికంటే వింత అహ్వెనన్మా దీవులది. అవి ఫిన్లాండ్ భూభాగమే, యూనియన్ కస్టమ్స్ పరిధిలోవే, కానీ వ్యాట్ పరిధిలో లేవు. అందువల్ల సొంత దేశంలోని దీవి నుంచి వచ్చిన సరుకుకు కూడా తుల్లతాన్ అంటారు.

అయిదో రోజు నుంచి ఇద్దరు కూర్చోవాలి. కాజీపేటలో అన్నదమ్ములైనా సరే, హాస్టల్ గదిలో దోస్తులైనా సరే. ఒకరు తుల్లి మనిషి, ఒకరు విమానం దిగినవాళ్లు. బల్ల మీద కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వస్తువు ఒకటి ఉన్నట్టు అనుకోండి, విలువ 500 యూరోలు. విమానంలో వచ్చేవాళ్లకు మినహాయింపు 430 యూరోలు. ఒకే వస్తువు విలువను విడగొట్టడం కుదరదు కాబట్టి పైన ఉన్న 70కి కాదు, మొత్తం 500కూ పన్ను పడుతుంది. అందుకే ఇది తుల్లత్తవ.

ఒంకొ తెయ్‌ల్ల్యా తుల్లత్తవా?
ఒన్.
పల్యొంకొ సె మక్సొయ్?
వీసిసతా ఎవురొవ.
ఒంకొ కుయిత్తి?
ఒన్.
సె పిత్యా తుల్లత.

చూపించాల్సినవి ఉన్నాయా? ఉన్నాయి. ఎంత పడింది? అయిదు వందల యూరోలు. రసీదు ఉందా? ఉంది. దాన్ని తుల్లత చేయాలి. ఫిన్నిష్‌లో ‘అవును’కు బదులు అడిగిన క్రియనే తిరిగి చెప్పడం అలవాటు. ఉందా అంటే ఉంది. మనం చేసేదీ అదే కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు ‘యెస్’ పద్ధతిని మధ్యలోకి తేకండి. మొదట కాగితం చూసి, తర్వాత చూడకుండా, మూడోసారి పాత్రలు మార్చుకొని చేయాలి. రసీదు లేదనే జవాబుతో కూడా ఒకసారి నడిపించండి: ‘ఎయ్ ఒలె.’

ఆరో రోజు చదవడం మాత్రమే. తుల్లి వెబ్‌సైటు ఫిన్నిష్‌లో తెరిచి, ఇంగ్లీషు బటన్ నొక్కకుండా ఒక పేజీలో ‘తుల్ల’తో మొదలయ్యే ప్రతి మాట కింద గీత గీయండి. ఏది నామవాచకం, ఏది తుల్లతాన్, ఏది తుల్లత్తవ అని పక్కన రాయండి. ఒక్క పేజీలో పదీ పదిహేను దొరుకుతాయి. వాటిలో తుల్ల క్రియ రూపం ఏదైనా కలిసిపోయిందేమో వెతకడమే అసలు సాధన. తర్వాత ఫిన్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ యులే తేలిక ఫిన్నిష్‌లో చదివే వార్తలు రోజూ కాసేపు వింటే మిగతా మాటల నిడివి కూడా చెవికి అలవాటవుతుంది.

ఏడో రోజు సందేశాలు. ‘పకెత్తిసి ఒన్ తుల్లత్తవ, ఈ లింకు నొక్కి డబ్బు కట్టు’ అనే తరహా మోసం సందేశాలు చాలా తిరుగుతుంటాయి. వాక్యం తప్పుల్లేకుండా ఉంది కదా అని నమ్మొద్దు, భాష సరిగా ఉండటం రుజువు కాదు. సందేశంలోని లింకు ముట్టుకోకుండా, బ్రౌజరులో తుల్లి చిరునామా మీరే టైపు చేసి లోపలికి వెళ్లి, పార్సెల్ ట్రాకింగ్ సంఖ్యతో చూసుకోవాలి. నిజంగా మీ పార్సెల్ ఆగి ఉంటే కావాల్సినవి మూడు: ఆ సంఖ్య, కొన్న బిల్లు లేదా అమ్మ రాసిన విలువల చీటీ, రవాణా ఖర్చు. ప్రకటన నింపి, పన్ను ఉంటే కట్టి, నిర్ణయం వచ్చాక ఇంటికి ఫోను చేసి చెప్పాల్సిన వాక్యం ఒక్కటే: ‘తుల్లసిన్ పకెతిన్.’ గడిచిన కాలం, పూర్తయిన పని, పకెతిన్‌లో ఒంటి త.